ఇరవై నాలుగు వాయిదాల కారు

ఈమధ్య తమ్ముడి మనవరాలి పుట్టినరోజు విందుకని జూబ్లీ హిల్స్‌లో ఒక హోటలుకు వెళ్ళాను. ముంగిట్లో అలంకారానికి పాత అంబాసిడర్ కారొకటి నిలబెట్టారు, పిల్లలు అందులోకెక్కి ఫొటోలు తీసుకుంటున్నారు. తెరిచిన తలుపులోంచి ఎండకు కాగిన రెక్సిన్ వాసన మొహానికి కొట్టింది. నేనక్కడే నిలబడిపోయాను.

శ్రీనగర్ కాలనీలో ఉన్నప్పుడు మాదీ అలాంటి కారే, మీగడ రంగుది. ఆదివారాలు నాన్న నన్నూ తమ్ముణ్ణీ ఎక్కించుకుని, ఇప్పుడు ఫిల్మ్ నగర్ ఉన్న వైపు, అప్పటికింకా బండలూ తుప్పలూ తప్ప ఏమీ లేని గుట్టల మీదికి తీసుకెళ్ళేవారు. వానలు వెనకబట్టాక అక్కడ సీతాఫలాలు కళ్ళు విచ్చుకునేవి, మేము ఒడినిండా కోసుకొచ్చి వెనక సీటు కింద పరిస్తే మూడోనాటికి కారంతా పండిన వాసన. దసరాకు అమ్మ కారుకు పసుపు రాసి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేది. నాన్న వాటిని తొక్కించగానే మేము చప్పట్లు కొట్టి, అల్లం గారెల కోసం వంటింట్లోకి పరుగు తీసేవాళ్ళం.

నాకు పదేళ్ళప్పుడు నాన్న చూపు తగ్గడం మొదలైంది. ఇక బండి నడపవద్దని కళ్ళ డాక్టరు గట్టిగా చెప్పారు. షూటింగులకు కార్లు కిరాయికిచ్చే యాదగిరి మా వెనక వీధిలోనే ఉండేవాడు, నాన్నకు బాగా తెలిసినవాడు. కారు అతనికే పన్నెండు వేలకు ఇచ్చారు. నెలకు వెయ్యి కడతానని అతనంటే, నాన్న ఐదు వందలు చాలన్నారు. ఒక్కటే షరతు: ప్రతి నెలా ఒకటో తారీఖున వాయిదాతో పాటు కారు కూడా మా ఇంటికి రావాలి.

"వెయ్యి ఇస్తానన్న మనిషికి ఐదు వందలు చాలంటారేంటండీ? ఎక్కడైనా ఉందా ఈ బేరం!" అంది అమ్మ.

నాన్న నవ్వారు. నేను వేళ్ళ మీద లెక్కవేశాను: పన్నెండు సార్లు రావలసిన కారు ఇరవై నాలుగు సార్లు వస్తుంది.

ఒకటో తారీఖు సాయంత్రం యాదగిరి వరండాలో టీ తాగుతుంటే, నాన్న వెళ్ళి స్టీరింగు ముందు కూర్చునేవారు. ఇంజను వేసేవారు కాదు. గేర్లు మార్చేవారు, అద్దం సరిచేసేవారు, పక్కసీట్లో ఉన్న నన్ను "ఎక్కడికి పోదామమ్మా?" అని అడిగేవారు. గుట్టల మీదికి అనేదాన్ని.

తొమ్మిదో నెల యాదగిరి నడిచొచ్చాడు. మిగిలిన ఎనిమిది వేలూ ఒక్కసారే నాన్న చేతిలో పెట్టాడు.

"బండేది యాదగిరీ?"

"ఫికర్ చేయకుండ్రి సార్. పెద్ద సినిమాకిచ్చిన, మంచి పైసలొచ్చినయ్. ఆఖరి సీనంత మీ బండే. నూరేండ్లు తెర మీద ఉంటది! ఐతారం పిల్లల్ని తోల్కొని రాండ్రి, కుర్సీలు ఏపిస్త."

అతని ముఖం వెలిగిపోతోంది. మాకు పెద్ద మర్యాద చేస్తున్నాననే అనుకున్నాడు.

ఆదివారం పులిహోర కట్టుకుని వెళ్ళాం. మేము సీతాఫలాలు కోసిన గుట్టే. కారుకు నల్లరంగు వేసి, నంబరు మార్చారు. నాన్నకు అంతదూరం ఆనలేదు.

"చూసి చెప్పమ్మా, మనదేనా?"

వెనక తలుపు మీద మా గేటు తగిలిన సొట్ట అలాగే ఉంది. మనదే అన్నాను. ఎవరో అరిచారు. కారును బండ మీదినుంచి తోసేశారు. అది పల్టీలు కొట్టి, కిందపడి భగ్గుమంది. జనం ఈలలు వేశారు. "ఎట్లుంది సార్?" అన్నాడు యాదగిరి, సంబరంగా.

మంట మాత్రం నాన్నకు కనబడింది. "బాగుంది యాదగిరీ," అన్నారు. పులిహోర ఎవరమూ ముట్టలేదు.

మరుసటి నెల ఒకటో తారీఖున నాన్న వరండాలో కుర్చీ వేయించుకుని వీధివైపు తిరిగి కూర్చున్నారు. దీపాలు పెట్టే వేళకు అమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఆ చలికాలం దాటేసరికి ఆయనకు పగలూ రాత్రీ ఒకటైపోయాయి.

ఆ సినిమా ఎక్కువ రోజులు ఆడలేదు. దాని ప్రింటు ఇప్పుడెక్కడా లేదని, నెగటివు గోదాములోనే పాడైపోయిందని తెలిసినవాళ్ళు చెప్పారు. గుట్టను పగలగొట్టి ఇళ్ళు కట్టారు. మా కారు పడిన చోట ఎవరిదో పోర్టికో, అందులో మూడు కార్లు. నాన్న, అమ్మ, యాదగిరి, ఎవరూ లేరు. డబ్బు మాత్రం పన్నెండు వేలూ పైసాతో సహా ముట్టింది. కారే ఇంకా పదహారు సార్లు మా ఇంటికి రావలసి ఉంది.