బెల్లం మండీలో మా మొదటి కంప్యూటర్

తొంభైల్లో తిరుపతిలో కంప్యూటర్లు తయారుచేసే చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. బోర్డు డిజైనిచ్చి, మాకు పని నేర్పింది ప్రభుత్వ పరిశోధనశాల. మా మొదటి కంప్యూటర్‌ను అమ్మడానికి చిత్తూరులో ఒక బెల్లం మండీకి తీసుకెళ్లాను.

యజమాని రెడ్డిగారు నవ్వినారు. "ఫారిన్ సరుక్కి మీ పేరు అంటించినారు. మనోళ్లే చేసినారని కాణిపాకంలో ప్రమాణం చేస్తావామ్మా?"

ఆ వినాయకుడి ముందు అబద్ధమాడే ధైర్యం మా జిల్లాలో ఎవరికుంది?

"చిప్పులు బయటివే సార్. బోర్డు గీసింది మన సర్కారు ల్యాబు, సాల్డరింగ్ పెట్టింది ఈ చేతులు. ఆ మాటకైతే ఇప్పుడే చేస్తా, పదండి!" అని కాలిన వేళ్లు చూపించాను.

స్విచ్చి వేసి, ఆయన పేరు తెలుగులో కొట్టాను. తెరమీద అక్షరాలు వెలిగేసరికి ఆయన కుర్చీలోంచి లేచారు.

మర్నాడు కొత్త బండికి చేయించినట్టే, కంప్యూటర్‌కి కాణిపాకంలో పూజ చేయించారు. "ఇది యాడిదప్పా?" అన్నాడు పూజారి.

"మనదే సామీ, ప్రమాణంగా!" అన్నారు రెడ్డిగారు.

నన్నడిగిన ప్రమాణం చివరికి ఆయనే చేశారు.