మూడు తుపాకులూ ఒక సంతకమూ

నా చేతుల్లోంచి మూడు తుపాకులు పోయాయి. ఎవడూ దొంగిలించలేదు, ఏ ప్రభుత్వమూ లాక్కోలేదు. మూడింటినీ నేనే ఇచ్చాను. మూడోదాన్ని ఇచ్చేసిన సంగతి మాత్రం నాకే తెలియలేదు. ఐర్లండ్‌లో స్లైగో ఊరు దాటాక గొర్రెల పొలాల మధ్య ఉన్న మా అమ్మాయి ఇంట్లో, కరోనా రోజుల్లో, గడప దాటకుండా కూర్చుని పోగొట్టుకున్నాను దాన్ని.

మొదటిది మా నాయనది. గొట్టంలో మందు పోసి దట్టించి పేల్చే తుపాకీ. నల్లమల అంచున మాది మెట్ట పొలం. వేరుశనగ ఊడలు దిగే వేళకు అడవి పందులు మందలుగా వచ్చి చేను తవ్వి పోసేవి. పంట కాపాడుకోవడానికని సర్కారు ఇచ్చిన లైసెన్సు అది. మందు పోసి, పీచు కూరి, గుండ్లు వేసి, మళ్లీ పీచు కూరేసరికి పంది గట్టు దాటి పోయేది. నాకప్పుడు పాతికేళ్లు, ఆ తుపాకీ పట్టుకుని నలుగురిలో నడవాలంటే నామోషీ. నాయనకు కళ్లు మందగించగానే లైసెన్సు నా పేరుకు మార్పించుకుని, ఒంగోలులో ఆయుధాల కొట్టులో దాన్ని ఇచ్చేసి, తూటాలు వేసే ఒంటిగొట్టం తుపాకీ తెచ్చుకున్నాను. నాయన కొత్తదాన్ని చేతిలోకి తీసుకుని ఒకసారి పైకెత్తి చూశాడు. "తేలిగ్గానే ఉందిలే" అని తిరిగి ఇచ్చాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ కాపలాకు కర్రా, కొట్టడానికి ఒక రేకు డబ్బా పట్టుకుని వెళ్లాడు గాని, నా తుపాకీ ముట్టుకోలేదు. ఎందుకని నేనూ అడగలేదు.

రెండోది ఆ ఒంటిగొట్టం తుపాకీయే. నేను బడికి పోయింది అయిదో తరగతి వరకు. ఆ తుపాకీ పుణ్యమా అని చట్టం చదివాను. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించాలి. అట్ట ముక్క మీద నంబరు రాసి తుపాకీ మడమకు కట్టి, ఒక గదిలో పడేసి, రసీదు ఇచ్చేవాళ్లు. ఓట్ల లెక్కింపు అయ్యాక రసీదు చూపిస్తే తుపాకీ చేతికొచ్చేది. ఒకసారి నాది తుప్పు పట్టి వచ్చింది. ఆయుధాల చట్టం తెలుగు పుస్తకం సంపాదించి, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివి, కలెక్టరుకు నాలుగు పేజీల అర్జీ రాశాను. ఎస్సై ఇంటికొచ్చి "ఏం పెద్దాయనా, నూనె సీసా పంపిస్తే సరిపోయేదిగా" అని వెళ్లాడు. అప్పటినుంచి మా చుట్టుపక్కల ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. చదవకుండా వేలిముద్ర వేసినవాళ్లని ఎంతమందిని తిట్టానో లెక్కలేదు.

అమ్మాయి ఐర్లండ్‌లో నర్సుగా కుదిరి, బిడ్డ పుట్టాక మా ఇద్దరినీ పిలిపించుకుంది. వచ్చే ముందు ఆ తుపాకీని ఒక క్వారీ యజమానికి అమ్మాను. అతను దాన్ని ముందు గదిలో గోడకు తగిలించాడనీ, గొట్టంలో సాలీడు గూడు పెట్టిందనీ తర్వాత తెలిసింది. పందుల మీద పేలిన తుపాకీకి ఆ గతి పట్టించిందీ నేనే.

మూడోదాని సంగతి వేరు. మా ఇంటి పక్క పొలం ఒక ముసలి రైతుది. పెళ్లి చేసుకోలేదు. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో బతికారు. తమ్ముడు జబ్బు చేసి పోయాక ఆయనా గొర్రెలూ మిగిలారు. ఆయన ఇంగ్లీషు అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది, నా ఇంగ్లీషు ఆయనకు అర్థమైందని ఇప్పటికీ నమ్మకం లేదు. కలెక్టరుకు అర్జీలు రాసేవాణ్ణని చెప్పినందుకు నన్ను "కలెక్టర్" అని పిలిచేవాడు. ఈనిన గొర్రెల చుట్టూ నక్కలు తిరిగే రోజుల్లో నన్ను వెంట తీసుకెళ్లి, నేను తుపాకీ పట్టుకునే తీరు చూసి, "కలెక్టర్, నువ్వు ఇంతకుముందు ఈ పని చేసినవాడివే" అన్నాడు. తమ్ముడి జంట గొట్టాల తుపాకీని నాకిచ్చాడు. ఇక్కడి పోలీసులకు, అదే గార్డులకు, దరఖాస్తు పెట్టుకున్నాను, వాళ్లు వచ్చి ఇనుప బీరువా చూసిపోయారు, సర్టిఫికెట్ వచ్చింది. "అమ్మడం మాత్రం చెయ్యకు, వాడిది" అన్నాడు ముసలాయన. అంతకు మించి ఏ షరతూ పెట్టలేదు.

కరోనాకు ముందు ఏడాది నా భార్య పోయింది. ఇక్కడే పాతిపెట్టాం. అంతలో ఈ రోగం వచ్చింది. డెబ్బై దాటినవాళ్లు గడప దాటొద్దన్నారు. పురుగు పట్టుగూట్లో ఉన్నట్టు ఇంట్లో ఉండమని దానికి కకూనింగ్ అని పేరు కూడా పెట్టారు. టీవీలో మా ఈడువాళ్ల చావులు రోజూ సాయంత్రం క్రికెట్ స్కోరు చెప్పినట్టు చెప్పేవాళ్లు. మండిపోయేది నాకు. అమ్మాయికి కోవిడ్ వార్డులో డ్యూటీలు. అందుకని మనవరాలిని గాల్వేలో ఉద్యోగం చేస్తున్న అల్లుడి దగ్గర ఉంచింది. నన్నూ పొమ్మంది. మీ అమ్మ సమాధి ఇక్కడుంటే నేనెక్కడికి పోతానన్నాను. ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. అందులోనూ తను పన్నెండు గంటలు బయట.

అన్నీ మూసేస్తారని పుకారు పుట్టిన వారంలో ఒక మధ్యాహ్నం అడిగింది.

"నాన్నా, ఈ గోల తగ్గేదాకా నీ తుపాకీ డీలర్ దగ్గర పెడదామా?"

"ఏం, ఎన్నికలొచ్చినయ్యా?"

నవ్వింది. "అట్టానే అనుకో."

అట్లాగే అనుకున్నాను. నా బుద్ధి అంతవరకే పోయింది. దేశంలో ఏదైనా గొడవ వస్తే తుపాకులు అప్పగించడం, సద్దుమణిగాక తెచ్చుకోవడం నేను నలభై ఏళ్లు చూసిన పద్ధతి. డీలరు గేటు దగ్గర మాస్కు కట్టుకుని నిలబడ్డాడు, తుపాకీ ఇచ్చాను, రసీదు తీసుకున్నాను. తుప్పు పట్టనివ్వొద్దని మాత్రం గట్టిగా చెప్పాను.

నేను మరిచింది ఒకటే. మా ఊళ్లో తుపాకీ స్టేషన్లో ఉన్నన్నాళ్లు లైసెన్సు గడువు గురించి ఎవడూ అడిగేవాడు కాదు, తెచ్చుకునేటప్పుడు చూసుకునేవాళ్లం. ఇక్కడ మూడేళ్లకోసారి సర్టిఫికెట్ కొత్తది చేయించుకోవాలి, లేకపోతే తుపాకీ తిరిగి ఇవ్వరు. గడువు అయిపోతోందన్న ఉత్తరం ఎండాకాలంలో వచ్చిందట. అమ్మాయి దాన్ని వంటింటి ప్రెస్‌లో పప్పు డబ్బాల వెనక పెట్టింది. ఇక్కడ అలమరను ప్రెస్ అంటారు. నాకు చెప్పలేదు.

రెండోసారి అన్నీ మూసేశాక, చలి మొదలైన రోజుల్లో, డ్యూటీ నుంచి వచ్చి ఒక కాగితం తెచ్చింది. వాషింగ్ మెషీన్ ఉన్న గదిలో, బట్టలు మార్చుకోవడానికి ముందు, దూరంగా నిలబడి మెషీన్ మీద పెట్టింది. ముక్కు మీద మాస్కు ఒరుసుకుపోయి చర్మం లేచింది. ఆ పూట వార్డులో ఇద్దరు పోయారని చెప్పింది.

"డీలర్ కాగితం నాన్నా. సంతకం పెట్టు."

"ఏముంది దాంట్లో?"

"తుపాకీ గురించే. చదువుకో కావాలంటే."

కళ్లద్దాలు ముందు గదిలో ఉన్నాయి. వాటికోసం వెళితే ఆమె ఆ చెమటకు తడిసిన చొక్కాతో ఇంకా కాసేపు నిలబడాలి. పెట్టేశాను. వేలిముద్ర వేసినవాళ్లని అన్నేసి మాటలన్నవాణ్ణి, బుద్ధి లేకుండా పెట్టేశాను.

మరుసటి ఏడాది రెండు సూదులూ వేయించుకుని, తిరగొచ్చని చెప్పాక, ముసలాయన తన వ్యానులో నన్ను డీలరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన వ్యానులోనే ఉండిపోయాడు. నేను రసీదు బల్ల మీద పెట్టాను. డీలరు దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"అది క్రిస్మస్‌కు ముందే వెళ్లిపోయిందండీ. మేయో వైపు రైతు కొన్నాడు."

"నేను దాచుకోమని ఇచ్చాను."

"మీరే సంతకం చేసి పంపారు కదా."

ఫైలు తీసి చూపించాడు. అమ్మకానికి సమ్మతి అని పైనే ఉంది, గుడ్డివాడికి కూడా కనపడేంత అక్షరాల్లో. కింద నా సంతకం. నేను ఎక్కడైనా తెలుగులోనే సంతకం చేస్తాను, గర్వంగా. ఈ దేశంలో ఆ షాపులో ఇంకెవడిదో అని బుకాయించడానికి కూడా వీలు లేదు. మేయో రైతు పేరు చెప్పమన్నాను. చెప్పకూడదండీ అన్నాడు. అతని మీద అరిచాను. చట్టం, మోసం, గార్డులు అన్నాను. అతను ఎదురు చెప్పకుండా ఒక కుర్చీ తెచ్చి వేశాడు. ముసలివాణ్ణి కదా.

వ్యానెక్కాక ముసలాయనకు చెప్పాలి. ఆయన తమ్ముడి తుపాకీ. 

"పోయింది. అమ్మేశాం" అన్నాను.

"తెలుసు కలెక్టర్." రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు. "మీ అమ్మాయి ముందే వచ్చి నన్నడిగింది. గేటు అవతల నిలబడి అడిగింది. నేను అమ్మేయమన్నాను."

"నీ తమ్ముడిది అన్నావే!"

"తమ్ముడు పోయాడు. నువ్వింకా ఉన్నావు."

నాకు ఊరట కలగలేదు. ఒళ్లు మండింది. నా తుపాకీ గురించి ఆ రోడ్డు మీద అందరికీ తెలుసు, నాకు తప్ప. గొర్రెను అమ్మేటప్పుడు గొర్రెను అడగరు. నన్నూ అడగలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మాయి డ్యూటీ దిగి మూడు గంటలకు అన్నం తింటోంది. పచ్చడి, పెరుగు. నేను కూర్చోలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

ఏ సంగతని అడగలేదు తను. చెయ్యి పళ్లెంలోనే ఆగింది.

"అమ్మ పోయాక నువ్వొక మాటన్నావు నాన్నా. ఇదే కుర్చీలో కూర్చుని. 'ఎందుకొచ్చిన బతుకు, ఇంట్లో ఉండనే ఉంది, ఒక్క తూటా చాలు' అన్నావు."

"ఊరికే అన్నాలేమ్మా. మనుషులు అనరా?"

"నువ్వు మర్చిపోయినావు. నేను మర్చిపోలా. పన్నెండు గంటలు నువ్వు ఒక్కడివే. నేనొచ్చి కారాపి, తలుపు తీసేముందు గరాజ్‌లో నిలబడేదాన్ని. లోపల టీవీ మోగుతుందా లేదా అని. మోగితే అప్పుడు తాళం తీసేదాన్ని. ఎన్ని రోజులు నిలబడ్డానో తెలుసా?"

"ఆ ముక్క నన్ను అడగొచ్చుగా! దొంగచాటుగా సంతకం పెట్టించుకుంటావా, కన్నతండ్రి చేత?"

"అడిగితే ఇచ్చేవాడివా? చట్టం చదివి వినిపించేవాడివి గంటసేపు."

ఇచ్చేవాణ్ణి కాదు. నిజమే. వినిపించేవాణ్ణి, అదీ నిజమే. అయినా కోపం తగ్గలేదు. ఆ తుపాకీ ఒక మనిషి నన్ను నమ్మి ఇచ్చింది. నా జీవితంలో అమ్మకూడదని అనుకున్న వస్తువు అదొక్కటే. నాయన తుపాకీ విషయంలో చేసిన తప్పు దీని విషయంలో చేయనని లోపల ఒట్టు పెట్టుకున్నాను. ఇదంతా చెప్పాను, గొంతు లేచేదాకా చెప్పాను. ఆమె విన్నది. ఎండిపోతున్న చెయ్యి కడుక్కోకుండానే విన్నది.

"సరే. తప్పు నాదే" అన్నది చివరికి. "ఇప్పుడు అడుగుతున్నా, చెప్పు. పోయినేడు ఆ రోజుల్లో, నేను వార్డులో ఉన్నప్పుడు, అది బీరువాలో ఉంటే నువ్వు ఎన్నడూ ఆ బీరువా దగ్గరికి పోయేవాడివి కాదా?"

కాదు అని వెంటనే అనాలి. తండ్రి అన్నవాడు ఎవడైనా అదే అంటాడు. కాని నాకు జ్ఞాపకం ఎక్కువ. ఖాళీ బీరువా తాళంచెవి ఆ ఏడాదంతా నా మొలతాడుకే ఉంది. వాన ఆగని ఒక వారం, తన భార్య దుప్పటి మీద పడుకుని ఆ తాళంచెవిని వేళ్లతో తడుముతూ, తుపాకీ ఇవ్వకుండా ఉండాల్సింది అనుకున్న ముసలివాడు నాకు తెలుసు. ఎందుకు అనుకున్నాడో కూడా తెలుసు. అది నక్కల కోసం కాదు.

"కాదు" అన్నాను.

చాలా ఆలస్యంగా అన్నాను. ఆ ఆలస్యాన్ని ఆమె నా ముఖంలో చదువుకుంది, ఒక్క అక్షరం వదలకుండా. లేచి చెయ్యి కడుక్కుని వచ్చి, నా పళ్లెం కూడా పెట్టి అన్నం వడ్డించింది. ఇద్దరం తిన్నాం.

గార్డుల దగ్గర మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆరోగ్యం గురించి మీ డాక్టరును అడగడానికి సమ్మతమేనా అని దాంట్లో ఒక ప్రశ్న ఉంటుంది. ఈసారి కళ్లద్దాలు పెట్టుకుని కాగితమంతా రెండుసార్లు చదివాను. సంతకం పెట్టలేదు.