పారబోసిన పచ్చనీళ్లు

1962 వానాకాలం. చేపల పెంపకం ఉద్యోగంలో నన్ను జమ్మికుంట దగ్గరి ఒక ఊరికి వేశారు. అంతకు ముందు ఏడాది కరువుకు అక్కడి చెరువు ఎండిపోయి, చేప అన్నది మిగల్లేదు. దాని మీదే బతికే బెస్త ఇళ్లు నేను తెప్పించే స్పాన్ కోసం ఎదురుచూస్తున్నాయి.

స్పాన్ అంటే గుడ్డులోంచి బయటపడి మూడు నాలుగు రోజులైన పిల్ల. వెంట్రుక ముక్కంత ఉంటుంది. నేరుగా చెరువులో వదిలితే బతకదు కాబట్టి నర్సరీ అనే చిన్న గుంటలో కొన్నాళ్లు సాకుతాం.

బెస్తల పెద్ద రాజలింగం ముందుగానే ఆ గుంటలో పేడ కలిపించాడు. నీళ్లు పాచిరంగుకు తిరిగాయి. సరిగ్గా అప్పుడే పై అధికారి తనిఖీకి వస్తున్నట్టు కబురొచ్చింది. గుంట శుభ్రంగా కనబడాలని ఆ నీళ్లు తోడించి బావి నీళ్లు నింపమన్నాను.

"జర ఆగుండ్రి సారు," అన్నాడు రాజలింగం. "గా పచ్చనీళ్లల్లనే పిల్లల తిండున్నది. మంచినీళ్లల్ల ఏం తిని బతుకుతయి?"

"తవుడు చల్లుతాంగా. నాకే పాఠం చెబుతున్నావా?" అన్నాను.

ఆయన నాలుగు కడవల పచ్చనీళ్లు ఇంటికి మోయించి వాకిట్లో గోలెంలో, అంటే పెద్ద నీళ్లతొట్టిలో, పోసుకున్నాడు. స్పాన్ వచ్చిన రోజు ఒక దోసెడు అడిగి తీసుకుని అందులో వదిలాడు. ముసలాయన ముచ్చట అనుకుని నవ్వాను.

గుంట అడుగు కనిపిస్తోందని అధికారి మెచ్చుకున్నాడు. నేను పొంగిపోయాను. ఐదో రోజుకు పిల్లలన్నీ తెల్లగా తేలాయి. మైక్రోస్కోపు కింద చూస్తే పేగులు ఖాళీ. ఆ వయసులో వాటి నోటికి పట్టేది తవుడు కాదు, ప్లాంక్టన్, అంటే పేడనీళ్లలో పుట్టే కంటికి ఆనని పురుగూ నాచూ. గోలెంలోవి మాత్రం హాయిగా ఈదుతున్నాయి.

నేను పుట్టింది గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర. అక్కడి ఉప్పునీళ్లలో పెరిగే మడచెట్ల ఆకులు కుళ్లిన బురదలో పిల్లచేపలు మూగి మేయడం చూస్తూ పెరిగినవాణ్ణి. అయినా బుద్ధి గడ్డి తిన్నది.

ఎండవేడికి చచ్చాయని రిపోర్టు రాశాను. సాక్షిగా రాజలింగం వేలిముద్ర కావాలి కాబట్టి చదివి వినిపించాను. బయట వారం రోజులుగా విడవని ముసురు.

"ఎండకేనా సారు?"

"ఎండకే."

"సరే తియ్యి. సదువుకున్నోళ్లు, మీరే చెప్పాలె," అని వేలిముద్ర వేశాడు.

చెరువులో చేప లేక దసరా నాటికి ఆ ఇళ్లవాళ్లు చాలామంది బొగ్గుబావుల పనికి పోయారు. రాజలింగం కూడా కొడుకు వెంట బయల్దేరాడు. పోయే ముందు గోలెంలోని పిల్లలను నా గుంట దగ్గరికి తెచ్చాడు.

"ఇంటికాడ చూసెటోళ్లెవలు లేరు సారు. మీరే సాకుండ్రి."

ఆ తర్వాత నా సర్వీసంతా ఎక్కడా పచ్చనీళ్లు పారబోయించలేదు. కానీ ఆ పాఠం రాజలింగం ముందే చెప్పాడు. నన్ను ఇప్పటికీ తినేది ఆ రిపోర్టు. ఎండకు చచ్చిన పిల్లలకు మా శాఖవాళ్లు బదులు ఇవ్వరు, సిబ్బంది తప్పు వల్ల చచ్చాయని రాస్తే మళ్లీ స్పాన్ ఇస్తారు. ఆ సంగతి రాజలింగానికి తెలియదు. నాకు తెలుసు.