ఒంటి పోగూ, రెండు గాలం కర్రలూ

నా చిన్నప్పుడు మంగళగిరిలో మా తాతయ్య ఎవరినైనా మగ్గం దగ్గరికి రానిచ్చేవాడు, నన్ను తప్ప. నాకేమో మగ్గం కింది గుంటలోకి కాళ్లు దించి కూర్చుని, అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడె ఆడించాలని ప్రాణం కొట్టుకునేది. ఆయన కన్నుగప్పి కూర్చున్న ప్రతిసారీ పడుగు పోగులు, అంటే నిలువు దారాలు, పటపటా తెగేవి. "అది చెయ్యి కాదే, రోకలి" అని లేపేసేవాడు. నేర్పకపోతే అన్నం మానేస్తానని మొండికేశాను. "ఒక్క పోగు తెగకుండా జానెడు నేసి చూపించు, ఆ మగ్గం నీదే" అన్నాడు. నావల్ల కాలేదు. ఎంత ఏడ్చానో!

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం బెజవాడ నుంచి తాతయ్య స్నేహితుడు సాహెబు గారు వచ్చారు. ఆయనకు వన్‌టౌన్‌లో బట్టల కొట్టు, మా చీరలు తీసుకునేది ఆయనే. ఆదివారం వస్తే కాలవ గట్టున గాలం వేసి కూర్చోవాల్సిందే. ఓడలో పనిచేసే ఆయన తమ్ముడు రెండు గాలం కర్రలు తెచ్చాడట, ఒకటి ఇంగ్లాండులో కొన్నది, ఇంకోటి అమెరికాలో. రెంటికీ పిడి లేదు, దారం పోయే రింగులూ లేవు. అలాంటి ఒట్టి కర్రలను బ్లాంకులంటారని సాహెబు గారు గొప్పగా చెప్పారు. రింగులు ఒక్క కర్రకే సరిపడా దొరికాయి. వాటిని దారం చుట్టి బిగించడానికి నేతగాడి చెయ్యి కావాలని మా ఇంటికి తెచ్చారు. ఏ కర్రకు కట్టాలన్నదే ఆయనకు తేలడం లేదు.

తాతయ్య రెండూ ఊపి చూశాడు. అమెరికాది బిర్రుగా ఉంది. దాని కొస మాత్రం కాస్త తలూపి ఆగిపోయింది. ఇంగ్లాండుది కొస నుంచి చేతి దాకా మొత్తం ఊగుతూనే ఉంది. తాతయ్య నూలు చుట్టిన కండె నుంచి ఒంటి పోగు తీసి అమెరికా కర్ర కొసకు ముడివేసి, రెండో చివర నా వేలికి చుట్టాడు. కర్ర సాహెబు గారి చేతికిచ్చాడు.

"నువ్వే చేపవి. గుంజు."

ఒక్క గుంజు గుంజాను. పుటుక్కున తెగింది. తర్వాత ఇంగ్లాండు కర్రకు కట్టాడు. గుంజితే ఆ కర్ర మొదలు దాకా విల్లులా వంగింది గానీ పోగు తెగలేదు. ఎడమకు లాగాను, కుడికి లాగాను. అమ్మ బాబోయ్, ఊదితే ఎగిరిపోయే పోగు, తెగదే! నాకు తెలియకుండానే నా కాళ్లు సాహెబు గారి వైపు నడుస్తున్నాయి.

"ఇంకేందన్నా, ఇంగ్లాండుదే మంచిది" అన్నారాయన.

"తొందరపడమాకండి సాహెబు గారూ. దూరం విసరాలంటే ఆ బిర్రుదే మేలు" అంటూ తాతయ్య ఈసారి అమెరికా కర్రను తానే పట్టుకున్నాడు. మళ్లీ ఒంటి పోగు, మళ్లీ నేనే చేప. కసికొద్దీ గుంజాను. తెగలేదు!

కర్ర వంగలేదు. తాతయ్య మణికట్టు వంగింది, మోచెయ్యి సాగింది, భుజం వాలింది, చివరికి ఆయనే ఒక అడుగు నా వైపు వేశాడు. నేను అలిసి ఆగగానే ఆ అడుగును మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. దాంతోపాటు నేనూ వెళ్లాను. సాహెబు గారు "యా అల్లా" అంటూ అరుగు మీద కూలబడ్డారు.

"కర్ర వంగకపోతే మనం వంగాలి. మగ్గం కూడా వంగదే అమ్మాయ్" అన్నాడు తాతయ్య, పోగును నా వేలి నుంచి విప్పుతూ.

ఆ సాయంత్రం అడక్కుండానే గుంటలోకి దిగాను. పోగు బిగుసుకుంటోందని వేళ్లకు తెలియగానే చెయ్యి సడలించాను, తొక్కుడు కర్ర మీద కాలు మెల్లగా ఆనించాను. చీకటిపడే వేళకు తాతయ్య వచ్చి నా నేత మీద జాన పెట్టి కొలిచాడు. నా జాన కాదు, తన జాన! అయినా బట్ట ఇంకో వేలెడు మిగిలింది. తెగిన పోగు ఒక్కటీ లేదు. ఆయన నన్ను లేవమనలేదు.

రింగులు మాత్రం ఇంగ్లాండు కర్రకే కట్టాడు. సాహెబు గారిదీ నాలాగే రోకలి చెయ్యే మరి.

ఇప్పుడు గుంటలోకి దిగడానికి మోకాళ్లు ఒప్పుకోవు. అయినా బిర్రుగా ఉండే మనిషి ఎదురైతే చాలు, తాతయ్య వేసిన ఆ ఒక్క అడుగే కళ్లముందుకొస్తుంది, నా మణికట్టు దానంతటదే వదులవుతుంది. నోటి సంగతంటారా, అది ఇంకా రోకలే. కానీ ఎంత గుంజినా ఇంతవరకు ఏ మనిషితోనూ పోగు తెంపుకోలేదు.