పసుపు రాసిన ఛార్జింగ్ పెట్టె

అరసవల్లి దారిలో నాకొక చిన్న కొట్టు ఉంది. ఫోన్లు, ఛార్జర్లు, ఇన్వర్టర్లు బాగుచేస్తుంటాను. మాది సముద్రం మీద బతికిన కుటుంబమే. కానీ నాకు పడవెక్కితే కడుపులో తిప్పుతుంది, అందుకే తీగలు అతికే సోల్డరింగ్ కడ్డీ పట్టుకున్నాను. మా అప్పను, అంటే అక్కను, మాత్రం చేపల వేటకెళ్లే మనిషికే ఇచ్చారు. ఆ బావ పడవకు ఛార్జింగ్ పెట్టె చేసిమ్మని అప్ప నా ప్రాణం తోడేసింది. సముద్రంలో ఆయన ఫోను ఆగిపోతే, ఎక్కడున్నాడో తెలియక ఒడ్డున తను చచ్చిపోతోందట.

చేసిచ్చాను. ప్లాస్టిక్ పెట్టె, లోపల బ్యాటరీ, ఒక టైప్-సి సాకెట్టు, దాని వెనక కరెంటుకు కాపలా కాసే చిప్పు. ఆ చిప్పు పనితీరంటే నాకు భలే ఇష్టం. సాకెట్టులోంచి హద్దు మీరి కరెంటు పోతుంటే ఠక్కున ఆపేస్తుంది. ఆపానని చెప్పడానికి దానికి ప్రత్యేకంగా ఒక కాలు ఉంటుంది, మేం పిన్ను అంటాం. అంతా బాగున్నంతసేపూ ఒక రెసిస్టరు ఆ పిన్నును మూడు వోల్టుల దగ్గర పైకి పట్టుకుని ఉంచుతుంది. తేడా వస్తే చిప్పు దాన్ని కిందికి, సున్నాకు లాగేస్తుంది. పిన్ను అలా పడిపోయినప్పుడు ఎర్ర దీపం వెలిగేలా తీగ కలిపాను. అందరూ మామూలుగా కలిపేది అలాగే.

ఎర్ర దీపం వెలిగితే ఛార్జింగు ఆగినట్టని బావకు చెప్పాను. తలూపాడు. ఆయన దేనికైనా తలూపుతాడు.

మావాళ్లు పడవలోకి ఏ కొత్త వస్తువొచ్చినా, ఇంజనైనా వలైనా, పసుపు రాసి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టందే నీళ్లలోకి దించరు. నా పెట్టెకూ ఆ మర్యాద జరిగింది. సాకెట్టు మూతి నిండా తడి పసుపు పూసి, ఫోను గుచ్చి, పైనుంచి కొబ్బరినీళ్లు చల్లారు. సరిగ్గా అప్పుడే ఎర్ర దీపం వెలిగింది. అందరూ దండం పెట్టుకున్నారట.

ఇదంతా నాకు మర్నాడు మధ్యాహ్నం తెలిసింది, అప్ప ఫోను చేసినప్పుడు.

"ఒరే తమ్ముడా, గాలి లెగిసింది. అందరి పడవలూ వచ్చీసాయి, మీ బావ రాలేదు. ఫోను సిచ్చాఫ్ అని వస్తన్నాది. నీ పెట్టె ఉన్నాది గదా, ఇలగెందుకయ్యింది?"

"ఎర్ర లైటు ఎలిగిందా అప్పా?"

"నిన్న పూజకాడే ఎలిగింది. ఎంత బాగుందో. మంచిదనుకున్నాం."

కొట్టు మూసి బండి తీశాను. దారి పొడుగునా అందరినీ తిట్టుకుంటూనే వెళ్లాను. ఒడ్డున అప్ప నా చెయ్యి పట్టుకున్నాక తిట్లు ఆగిపోయి భయం మొదలైంది. బావంటే నాకు అంత ప్రాణమని అప్పటిదాకా నాకే తెలియదు.

పొద్దు వాలుతుండగా పడవ కనిపించింది. నీళ్లలో తిరిగే ఇంజను ఫ్యానుకు వల చుట్టుకుపోతే కోసి తీసుకునేసరికి అంత ఆలస్యమైందట. అప్ప ఇసకలో కూలబడి ఏడ్చేసింది. నేను మాత్రం ఆయన మీద విరుచుకుపడ్డాను.

"ఎర్ర లైటు ఎలిగితే తప్పని నీకు సెప్పలేదా?"

"దీపం ఎలుగుతానే ఉన్నాదిరా బామ్మర్దీ. ఫోనే సచ్చిపోనాది. ఫోను పాతదనుకున్నాను."

"ఆ దీపమే తప్పని సెప్తన్నాది."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "దీపం ఎలిగితే తప్పేటిరా? ఆరితే గదా తప్పు."

పెట్టెను కొట్టుకు తెచ్చి, కరెంటును పక్కదారి పట్టించిన ఆ తడి పసుపును సాకెట్టులోంచి స్పిరిటుతో కడిగాను. కడుగుతున్నంతసేపూ కోపంగానే ఉన్నాను. వాళ్ల బుర్ర మార్చడం నా తరం కాదు, తీగలు మార్చడం తేలిక. రెసిస్టరు చోటు మార్చి దీపాన్ని తిప్పి పెట్టాను. ఇప్పుడు పిన్ను పైకున్నంతసేపూ దీపం వెలుగుతుంది, కిందికి పడితే ఆరిపోతుంది. బ్యాటరీ అయిపోయినా ఆరిపోతుంది, అదీ మంచిదే. రంగు మాత్రం ఎర్రదే ఉంచాను, వాళ్లకది నచ్చింది మరి. సాకెట్టుకు రబ్బరు మూత బిగించి, పసుపేమో పెట్టె పైన రాసుకోమన్నాను. అసలు రాయొద్దని చెప్పే ధైర్యం నాకు లేదు.

మొన్న తెల్లారి అప్ప మళ్లీ ఫోను చేసింది.

"దీపం ఆరిపోనాదిరా. పడవ తోయడానికి మనుసులొచ్చీసారు గానీ, దీపం నేకుండా నానెల్లనని మీ బావ ఇసకలో కూకుండిపోనాడు. ఇంట్లో ఒకటే నస. నువ్వెప్పుడొస్తావు?"

ఆవిడ గొంతులో విసుగు తప్ప భయం లేదు. అది వింటుంటే నాకు కళ్లు చెమర్చాయి.

"వస్తన్నానప్పా" అన్నాను. "బావకి టీ ఇచ్చి కూకోబెట్టు."