జానెడు జువ్వి

మా అన్న ఓడలో పనిచేసేవాడు. అరవైలు మొదలైన కొత్తలో ఒకసారి సింగపూర్ నుంచి మద్రాసు రేవులో దిగి, వాకాడు దగ్గర మా అత్తగారి ఊరికి నేరుగా వచ్చాడు. చేతిలో గోనెపట్టా చుట్టిన నీలం పింగాణీ పళ్ళెం. పట్టా విప్పితే లోపల జానెడు చెట్టు. మొక్క కాదు, చెట్టే. లావుపాటి మొదలు, ముడతలు పడిన బెరడు, మట్టి మీదికి తేలిన వేర్లు, దళసరి చిట్టి ఆకులు. మన జువ్విచెట్టును ఎవరో అదిమి అదిమి పళ్ళెంలో కూర్చోబెట్టినట్టుంది.

"దీన్ని బోన్సాయ్ అంటారు. వయసులో నీకంటే పెద్దది," అన్నాడు అన్న. "నీళ్ళు మాత్రం మరిచిపోబాక. ఎండితే చచ్చిపోద్ది."

అంతకు మించి అతనికీ తెలియదు. రెండు పూటలు ఉండి వెళ్ళిపోయాడు.

నాకప్పుడు అయిదో నెల. అంతకు ముందు ఒక బిడ్డ నెలలు నిండకుండానే పోయింది. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. కానీ నేను గడప దాటుతుంటే మా అత్తగారి కళ్ళు నా పాదాల మీదే ఉండేవి.

అన్న వెళ్ళాక ఆమె చెట్టు దగ్గరికి వచ్చి చాలాసేపు చూసింది.

"పెరగాల్సినదాన్ని పెరగనీకుండా చేసినారు. కడుపుతో ఉండేదాని కళ్ళ ముందర ఇదెందుకమ్మే? చేను గట్టున నాటిచ్చేస్తా."

"మా అన్న అంత దూరం నుంచి తెచ్చినాడు అత్తమ్మా. నేను చూసుకుంటాలే."

మా ఆయన ఇద్దరి మొహాలూ చూసి, "ఉండనీమ్మా, చెట్టే గదా," అని పొలానికి వెళ్ళిపోయాడు. చెట్టు వసారాలో నిలిచింది. నేను గెలిచాననుకున్నాను.

కొన్నాళ్ళకే ఆకులు పసుపుపచ్చగా మారడం మొదలైంది. ముందు ఒకటి రాలింది. తర్వాత రోజూ రాలేవి. మా పెరటి బావి నీళ్ళు ఉప్పన. అవే దానికి పడలేదనుకుని, తాగడానికి ఇసుక చెలమ నుంచి మోసుకొచ్చే నీళ్ళలోంచి చెంబుడు తీసి పోయసాగాను. మన్ను తడిగానే ఉన్నా ఆకులు వాడిపోయినట్టు వేలాడేవి. దాహం తీరలేదేమోనని ఇంకా పోసేదాన్ని.

అత్తగారు ఒకనాడు చూడనే చూసింది.

"మనుషులు గొంతు తడుపుకునే నీళ్ళు దానికి పోస్తా ఉండావా? అది బతికే చెట్టు కాదు. నీకు అర్థం కాలేదా?"

బతికే చెట్టు కాదు అన్నప్పుడు ఆమె చూపు నా కడుపు మీద ఆగింది. ఆమె అన్నది చెట్టు గురించేనా అని నాకు అనుమానం వచ్చింది. ఆ అనుమానం వచ్చాక ఇక మనసు నా చేతిలో లేదు. తెల్లవారకముందే లేచి, ఆమె కంట పడకుండా రాలిన ఆకులన్నీ ఏరి పొయ్యిలో వేసేదాన్ని. ఆకు రాలిన ప్రతిసారీ చెయ్యి తెలియకుండానే కడుపు మీదికి పోయేది. బిడ్డ కదిలితే ఊపిరి పీల్చుకునేదాన్ని. ఇదంతా పిచ్చి అని నాకు తెలుసు. తెలిసినా మానలేకపోయాను.

ఏడో నెల నడుస్తుండగా చివరి ఆకులు కూడా రాలిపోయాయి. ఆ మధ్యాహ్నమే బిడ్డ కదలలేదు. అన్నం తిని చూశాను, అటూ ఇటూ నడిచి చూశాను. కదలిక లేదు. ఎవరినీ పిలవడానికి నోరు రాక, మోడైన చెట్టు పక్కనే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను.

అత్తగారు వచ్చి నా మొహం చూసింది. బెల్లం నీళ్ళు కలిపి తాగించి, ఎడమ పక్కకు పడుకోబెట్టి, అరచెయ్యి నా పొట్ట మీద ఆనించి కళ్ళు మూసుకుంది. ఎంతసేపు అట్లా ఉన్నామో తెలియదు. ఉన్నట్టుండి లోపలినుంచి గట్టిగా ఒక తన్ను.

"తన్నిందమ్మే!" అని ఆమె బావురుమంది.

తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని చెట్టు దగ్గరికి పోయింది. పారేస్తుందనుకున్నాను. కొమ్మ మీద గోటితో గీరింది.

"లోపల పచ్చిగానే ఉండాది. నీ కాన్పు అయ్యేదాకా దీన్ని చావనిచ్చేది లేదు."

అప్పటికి గాని నాకు అర్థం కాలేదు, ఆమెకూ నా భయమే ఉందని.

పళ్ళెం పెరట్లోకి తీసుకుపోయి చెట్టును మట్టితో సహా పైకెత్తింది. గుప్పున కుళ్ళు వాసన. పళ్ళెం అడుగున నీళ్ళు పోయే కంతలో గుడ్డపీలిక బిగించి ఉంది. రైల్లో నీళ్ళు కారకుండా అన్న కుక్కి, తీయడం మరిచిపోయినట్టున్నాడు. నేను పోసిన నీళ్ళన్నీ వేర్ల కిందే నిలిచిపోయాయి.

"దాహంతో కాదు, నీళ్ళెక్కువై పోతా ఉండింది," అంది అత్తగారు. నన్ను తిట్టలేదు. నల్లబడిన వేర్లు కత్తిరించి, ఇసుక కలిపిన ఎర్రమన్నులో మళ్ళీ నాటింది. "వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే పొయ్యాల."

ఒక్క చిగురైనా కనబడకముందే నన్ను కాన్పుకు మనుబోలులోని మా పుట్టింటికి పంపించారు. మా ఆయన వచ్చినప్పుడల్లా చెట్టు గురించి అడగాలనిపించేది. జవాబుకు భయపడి అడిగేదాన్ని కాదు. ఆయనే అనేవాడు, "బాగానే ఉండాదంట, అమ్మ చెప్పమనింది." ఆ 'అంట' నాకు నచ్చేది కాదు.

నొప్పులు ఒక పగలంతా పట్టాయి. ఆడపిల్ల పుట్టింది. బక్కగా ఉన్నా గొంతు మాత్రం వీధిలోకి వినబడింది. అత్తగారు బస్సెక్కి వచ్చి మనవరాలి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి చూసుకుంది. చెట్టు మాట ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మూడో నెలలో బిడ్డనెత్తుకుని అత్తవారింటికి వచ్చాను. చెట్టు వసారాలోనే ఉంది. చిట్టి ఆకులు, లేత ఆకుపచ్చవి, గుబురుగా వచ్చి ఉన్నాయి. కానీ ఒక పక్క బోసిగా ఉంది. అక్కడ కొమ్మ లేదు. కోసినచోట పసుపు మెత్తి ఉంది.

"ఆ కొమ్మ ఎండిపోయింది," అంది అత్తగారు నా వైపు చూడకుండా. "నువ్వు పోయిన వారానికే. నీకు చెప్పొద్దని వాడితో గట్టిగా చెప్పినా."

"నాకు తెలిసుంటే..."

"తెలిసుంటే అన్నం తినేదానివా?"

బిడ్డను ఆమె ఒడిలో పెట్టి, పళ్ళెంలో మన్ను మీద వేలు ఆనించి చూశాను. పొడిగా ఉంది. చెంబు తేవడానికి లేచాను.