నేను కత్తిరించిన అంచు

మొన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే, వాటి కింద పరిచిన గోనెపట్టా వానకు తడిసి గుప్పున వాసన కొట్టింది. రాజలింగం కాక గుర్తొచ్చాడు.

నా బడి చదువు ఐదో తరగతితోనే ఆగింది. ఆ తరువాత తెలిసినదంతా ఈ ఫుట్‌పాత్ పుస్తకాలూ, అబిడ్స్ సందులో నేను పనిచేసిన కాక ఫ్రేముల దుకాణమూ నేర్పినదే. కాకది నకాశీ చిత్రకారుల ఇల్లు. కథలు చెప్పుకుంటూ ఊళ్లు తిరిగేవాళ్ల కోసం ఆయన తాతలు గుడ్డ మీద పొడవాటి పటాలు గీసేవారు. అలాంటి పటానికి ఫ్రేము కట్టేటప్పుడు నేను చెప్పులు విడిచేవాణ్ణి. కొత్తరకం బొమ్మలంటే మాత్రం ఒళ్లు మంట. గీత రానివాళ్ల వేషాలనేవాణ్ణి. అప్పటికే ముప్పై దాటినవాణ్ణి, తెలియక అన్నానని తప్పించుకోలేను.

ఒకరోజు సుజాతమ్మ అనే చిత్రకారిణి గోనెపట్టా మీద గీసిన బొమ్మ తెచ్చింది. నల్లరంగులో వంగిన వీపు, అంతే. కింద అంచున కుట్ల దారాలు వేలాడుతున్నాయి. మరునాడే నాంపల్లిలో ప్రదర్శన. పాత పటాల మధ్య ఆమె ఎంతో బతిమాలాకే తన బొమ్మకు చోటివ్వడానికి నిర్వాహకులు ఒప్పుకున్నారట. నేను అంచు సాపుగా కత్తిరించి, దారాలు చెత్తలో పారేసి, నీటుగా ఫ్రేము బిగించాను. చెత్తబండి వచ్చి పోయింది.

సాయంత్రం ఆమె ఫ్రేము చూసి, దారాల కోసం అంచంతా తడిమింది. "మా అమ్మ అఫ్జల్‌గంజ్ గోదాముల్ల చినిగిన సంచులు కుట్టేది. పోయే ముందర కుట్టిన ఆఖరి సంచి గిదే. గవి అమ్మ కుట్లు."

"చెత్త అనుకున్న మేడం," అన్నాను.

కాక గొంతు పెంచలేదు. "మా తాత పటం అంచు గిట్లనే కోస్తవారా నర్సిమ్మా?"

"అది దేవుని పటం కాకా. ఇదేమో గోనెసంచి."

"పటం పాతగైతే మావోళ్లు గంగల కలిపి కొత్తది గీస్తుండిరి. నువ్వు మొక్కే పటం గూడ గీసిననాడు కొత్తదే గదరా. పటం ముందట చెప్పులు విడుస్తవ్, గీడ కండ్లు గూడ విడిచినవా?"

సుజాతమ్మ కళ్లు తుడుచుకుంది. "గిట్లనే పెడ్త. అంచు ఏమైందని అడిగినోళ్లకు మీరే వచ్చి చెప్పుండ్రి."

మూడు రోజులు నాంపల్లిలో ఆ బొమ్మ పక్కన నిలబడ్డాను. కాక దుకాణం మూసి, వచ్చి గోడవారగా స్టూలు మీద కూర్చున్నాడు. మొదటిరోజు ఒక పెద్దమనిషి నవ్వాడు. "పటాల నడుమ గోనెసంచి ఏందయ్యా? అంగడి అనుకున్నరా?"

అచ్చం నా మాటే. ఒళ్లు మండింది. "ఈడ ఒక తల్లి కుట్లుండె సార్. నేనే కోసిన."

ఆయన నవ్వు ఆగింది. వంగి, కోసిన అంచును చూసి వెళ్లిపోయాడు. వచ్చినవాళ్లందరికీ అదే మాట చెప్తూ చెప్తూ, మూడోనాటికి ఆ నల్లటి వీపు దేని మీదికి వంగిందో చూశాను. సూది మీదికి.

కాక పోయి ఏళ్లయింది, దుకాణం నేనే నడుపుతున్నాను. పాతదైతే కళ, కొత్తదైతే వేషం అనేవాళ్లతో ఇప్పటికీ కొట్లాడుతూనే ఉన్నాను. వాళ్ల గొంతులో నా గొంతు వినబడుతుంది, అందుకే అంత కోపం. నాకు అర్థం కాని బొమ్మ ఎవరు తెచ్చినా, ముందు కత్తెర పక్కన పెట్టి అడుగుతాను: "ఇందుల నేను ముట్టగూడనిదేందమ్మా?"